దాదో తర్వాత ఎవరితో తలపడాలి

జనరల్ సాంతోస్
16 మే 1995

అమ్మమ్మ చాచిన చేతిని నీ చాంపియన్ ఊరందరి ముందూ గాల్లో వదిలేసి వెళ్ళిపోయాడు.

నువ్వు మనీలాలో కోటుగాళ్ళ పక్కన కూర్చుని తర్వాతి పోటీ మాట్లాడుకుంటున్నావు కాబట్టి నీకు తెలియదు. నేను చెబుతాను, విను మామయ్యా.

ఆదివారం దాదో అన్నని ఫైరింజన్ మీద నిలబెట్టి చేపల రేవు నుంచి మన వీధి బాస్కెట్‌బాల్ కోర్టు దాకా ఊరేగించారు. ఆదివారం డ్యూటీలో ఉన్న మమ్మల్ని చేపల డబ్బాల ఫ్యాక్టరీ గేటు బయట వరసగా నిలబెట్టారు. కాళ్ళకి రబ్బరు బూట్లు, తలకి వలటోపీ, ఒళ్ళంతా ట్యూనా కంపు. చేతులూపమన్నారు, ఊపాం, ఆపైన అలాగే కోర్టుకి పరిగెత్తాం. బ్యాండు మేళం, టపాకాయలు, కోర్టు మధ్యలో బల్ల మీద ఎర్రగా కాల్చిన పందులు. ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ దాదో కబాహుగ్! మేయర్ మైకులో ఆ పేరు తను కన్న కొడుకు పేరులా అరుస్తున్నాడు. పోయినేడు మనం వీధి కుళాయి గురించి వెళ్తే "ఏ కబాహుగ్?" అని అడిగిన మనిషే.

అమ్మమ్మ తెల్లారకముందే తయారైంది. పెట్టెలో దాచుకున్న తెల్ల గౌను వేసుకుని, ఆ మోకాళ్ళతో వేదిక ఎక్కి, మెట్లకి ఎడమ పక్కన నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "వాడు వంగాలి కదే, కూర్చుంటే మరీ కిందకి వంగాలి, ఒళ్ళంతా దెబ్బలతో వస్తున్నాడు" అంది.

దాదో మెట్లెక్కాడు. ఆవిడ చేయి చాచింది. ఆ చేయి సంగతి నీకు తెలుసు. నీ నుదురు కూడా దాని కిందే పెరిగింది. చిన్నప్పుడు వీధిలో కొట్లాడి పెదవి చిట్లి వచ్చినా, ముందుగా దాదో ఆ చేయి అందుకుని దీవెన కోసం నుదుటికి ఆనించుకుని, ఆ తర్వాతే ఏడుపు మొదలుపెట్టేవాడు. ఆ దాదో ఆ చేతికి జానెడు దూరంలోంచి నడిచి వెళ్ళి, అటు పక్కనున్న మేయర్ చేయి పట్టుకుని ఊపాడు.

అమ్మమ్మ చేయి అలాగే ఉండిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడావిడ ఆ చేత్తోనే తన జుట్టు సర్దుకుంది, అందుకోసమే ఎత్తినట్టు.

ఆ తర్వాత వాగుడు సంబరం. సవారీ ట్రైసికిల్ తోలే ఎస్తోంగ్ ఉన్నాడే, పెళ్ళాం గరిట ఎత్తితే మంచం కింద దూరేవాడు, వాడు పంది చెవి నములుతూ "ఇక మెక్సికో బరగాన్‌ని రమ్మనండి! మూడు రౌండ్లు! నాలుగో రౌండుకి వాడిని స్ట్రెచర్ మీద పంపిస్తాం!" అన్నాడు. పంపిస్తాం అట! మంగలి పీలో ఊరుకుంటాడా? "బరగాన్ ఎందుకురా, ముందు జపాన్ మొరియోకా. వాడి గడ్డం గాజుది, ఒక్క గుద్దుకే పగులుతుంది." "వాడి గడ్డం నువ్వెప్పుడు చూశావురా?" "గడ్డాల సంగతి నాకు చెబుతావా నువ్వు?" కొబ్బరి కల్లు కుండ ఖాళీ అయ్యేసరికి జపాన్, మెక్సికో, థాయ్‌లాండ్ అన్నీ మట్టికరిచాయి. ఒక్కడికీ చిటికెన వేలు కూడా కందలేదు.

అన్న మర్నాడు పొద్దున్నే నీ దగ్గరికి విమానం ఎక్కేశాడు. ఆ రాత్రి హోటల్లో పడుకోబెట్టారట, ఇంటికి కూడా రాలేదు. వాడిని పంపించు. వచ్చి ఆ చేయి పట్టుకోవాలి.

జెమ్మా


సెబూ
29 మే 1995

నా ముద్దుల ఇందాయ్, చిట్టితల్లి జెమ్మాకి,

పరలోకంలో ఉన్న మీ అమ్మానాన్నల సాక్షిగా మీ మామయ్య క్రిస్పిన్ దీవించి రాసేది ఏమంటే, మేమంతా బాగున్నాం. మనీలా నుంచి జిమ్‌కి తిరిగొచ్చేశాం, ఇక్కడ వానలు ముందే దిగాయి. జిమ్ రేకులు కారుతున్నాయి, బకెట్ల మధ్యనుంచే తాడాట ఆడిస్తున్నాను కుర్రాళ్ళని. నా నడుం నొప్పి మామూలే.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, తర్వాత ఆకలేసింది. పంది చెవి అని రాశావు కదా.

అదికాదే పిల్లా, అంత జనం, అన్ని కెమెరాలు, అన్ని చేతులు! వాడు చూసి ఉండడు. దానికింత రాద్ధాంతమా? మా అమ్మతో చెప్పు, దాదో మనసులో రోజూ ఆవిడ చేయి అందుకుంటూనే ఉన్నాడని. నీ ఉత్తరం వాడికి చూపించలేదు. పోటీ ముందు బాక్సర్‌కి ఇంటి గొడవలు చెప్పకూడదు, అది నా పద్ధతి. మీ నాన్నని సముద్రం తీసుకుపోయినప్పుడు మిమ్మల్నిద్దరినీ భుజాల మీద మోసినవాణ్ణి, నాకు పద్ధతులు నేర్పకు.

ఇక అసలు వార్త. బరగానే! సెప్టెంబరు ఆఖర్లో, మనీలాలో. ఆగస్టు ఇరవైన సంతకాలు. అప్పటిదాకా గుట్టుగా ఉంచు. ఇంకో రహస్యం కూడా చెబుతాను, ఎస్తోంగ్ చెవిన పడనివ్వకు. దాదో నిలబడే తీరే మార్చేశాను. ఇన్నాళ్ళూ ఎడమ భుజం ముందు పెట్టి నిలబడేవాడు కదా, ఇప్పుడు కుడి భుజం ముందు. పుర్రచేతి వాటం వాళ్ళలాగ. బరగాన్‌కి తల తిరిగిపోతుంది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న బుర్రకే ఇలాంటివి తడతాయి.

ఈ ఉత్తరంతో పాటు ఓడ మీద వస్తున్న మన రేవు మనిషి చేత దాదో బొమ్మ ఉన్న చొక్కా ఒకటి పంపుతున్నాను, అమ్మకి. అక్కడ జనం బరగాన్ గురించి ఏమనుకుంటున్నారో వివరంగా రాయి. నువ్వు బాగా రాస్తావు, కోపం తీసేస్తే.

కత్తి చూసుకుని పనిచెయ్యి, వేళ్ళు జాగ్రత్త.
మీ మామయ్య
క్రిస్పిన్


జనరల్ సాంతోస్
20 జూన్ 1995

నువ్వు గుట్టుగా ఉంచమన్న రెండు రహస్యాలూ నీ ఉత్తరం నాకు చేరేలోపే రేడియోలో విన్నాను. చెప్పింది నువ్వే, గొంతు కూడా నీదే. "ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న బుర్ర" అనే ముక్కతో సహా.

జనం ఏమనుకుంటున్నారని అడిగావు. ఆకలేసిందన్నావు కదా, రాస్తాను, తిను.

ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చిలో పూజ అవ్వగానే రేడియో వాళ్ళు కోర్టులో మైకు పెడుతున్నారు. ఎవరైనా వరసలో నిలబడి, దాదో ఎవరితో తలపడాలో, ఎన్నో రౌండులో పడగొట్టాలో చెప్పొచ్చు. దేవుడి ముందు నిలబడ్డ దానికంటే పెద్ద వరస. ఎస్తోంగ్‌కి నీ కుడి భుజం సంగతి ప్రాణమైపోయింది. ట్రైసికిల్ ఆపి నడిరోడ్డు మీద కుడి భుజం ముందు పెట్టి గాలిని గుద్ది చూపిస్తున్నాడు, లోపల ఎక్కిన మనిషి మార్కెట్‌కి ఆలస్యమవుతోందని మొత్తుకుంటోంది. పీలో అయితే, "ఇది ఎత్తుగడ కాదు, జ్ఞానం" అన్నాడు. కత్తెర ఆపి మరీ అన్నాడు. కుర్చీలో ఉన్నవాడికి సగం తలే అయింది.

చొక్కా చేరింది. దాంతో నేల తుడుద్దామనుకున్నాను. అమ్మమ్మ లాక్కుని తన దిండుకి తొడిగింది. ఆ ఊరేగింపు తర్వాత మళ్ళీ పూజకి మాత్రం వెళ్ళట్లేదు. మోకాళ్ళట. మోకాళ్ళు కాదు. అక్కడ ఆడవాళ్ళు అడుగుతున్నారు, "ఏం పెద్దమ్మా, మనవడు ఎప్పుడొస్తాడు? ఈసారైనా గుర్తుపడతాడా?" అని.

ఇంకొకటుంది. పోయిన గురువారం దాదో మా ఫ్యాక్టరీకి వచ్చాడు. నీకు తెలిసే ఉంటుంది, పంపింది నువ్వే కదా. మా డబ్బాల మీద వాడి మొహం వేస్తారట, ఫోటోలు తీశారు. మా బల్లల మధ్య నుంచి నడిపించారు. నేను వాడికి ఎడమ పక్క బల్ల దగ్గర చేప చీలుస్తున్నాను. తల ఎత్తి వాడి మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు. నేనెందుకు పిలవాలి? చెల్లెలిని చూడ్డానికి చీటీ రాసివ్వాలా? నా మోచేతికి తగిలేంత దగ్గరగా వెళ్ళాడు మామయ్యా. చూడలేదు. కుడి పక్కనున్న మా మేస్త్రీతో నవ్వుకుంటూ పోయాడు. నాలుగడుగులు వేశాక నడుం తగిలి ఒక ట్రే మొత్తం కింద పడేశాడు. అమ్మాయిలంతా మోకాళ్ళ మీద కూర్చుని ఏరుతుంటే, "సారీ, సారీ" అని పళ్ళికిలించాడు. చాంపియన్లు ఎక్కడ నడుస్తున్నారో చూసుకోనక్కర్లేదు కాబోలు, ఏరేవాళ్ళు ఉంటారు కదా.

ఆ సాయంత్రమే విమానం. ఇల్లు అక్కడికి పదినిమిషాల దారి.

నువ్వు వాడిని ఏం చేశావో నాకు తెలుసు. నాకేం తెలియదనుకోకు. ఇక్కడ అందరూ దేవుడంటున్న మనిషి నిజంగా ఎలా అయిపోయాడో, అలా అవ్వడానికి కారణం ఎవరో, ఏదో ఒక ఆదివారం ఆ మైకు ముందు నిలబడి ఊరందరికీ చెబుతాను. అప్పుడు చూద్దాం ఎస్తోంగ్ ఏ భుజం ముందు పెడతాడో.

జెమ్మా


సెబూ
4 జూలై 1995

జెమ్మా,

ఇది చదివిన వెంటనే కాల్చెయ్. పొయ్యిలో పెట్టి, బూడిద కూడా కలిపెయ్.

నీకెవరు చెప్పారు? దాదోనా? వాడు ఒట్టేసి చెబుతున్నాడు తను చెప్పలేదని. ఫ్యాక్టరీలో నడక చూసి కనిపెట్టావా? నీతోపాటు ఇంకెవరైనా పసిగట్టారా? మీ మేస్త్రీ? ట్రే పడ్డప్పుడు ఎవరైనా ఏమన్నా అన్నారా?

తల్లీ, నువ్వు అనుకున్నంత ఘోరమేమీ కాదు. ఎడమ కన్ను పూర్తిగా పోలేదు. వెలుగు తెలుస్తుంది. మనిషి నిలబడితే నీడలా తెలుస్తుంది, అప్పుడప్పుడు. వాడు చాంపియన్ అయిన పోటీలోనే, ఏడో రౌండులో ఆ కొరియావాడి గ్లవ్ బొటనవేలు తగిలింది. మూలకి వచ్చి "మామా, పక్కనుంచి తెర దిగుతోంది" అన్నాడు. నేను నీళ్ళు కొట్టి, "తెరా లేదు దోమతెరా లేదు, చెమటరా, పో" అన్నాను. నేను ఆపి ఉంటే ఏమయ్యేది? ఓడిపోయేవాడు. తొమ్మిదో రౌండులో పడగొట్టాడా లేదా? నువ్వే చెప్పు, ఎవరిది తప్పు?

ఇక్కడ ఒక డాక్టరుకి చూపించాను. లోపలి పొర ఊడిందట, వెంటనే ఆపరేషన్ చెయ్యాలట, ఆ తర్వాత ఇక గ్లవ్స్ తొడగకూడదట. డాక్టర్లకి గొంతునొప్పి చూపించినా పని మానెయ్యమంటారు. అందుకే కదా కుడి భుజం ముందు పెట్టించాను! బాగున్న కన్ను ముందుకొస్తుంది. పోటీ ముందు చేసే కంటి పరీక్ష భయం కూడా లేదు, గోడ మీది అక్షరాలన్నీ వాడికి పై నుంచి కిందకి బట్టీ పట్టించాను, ప్రార్థనలా అప్పజెబుతున్నాడు.

ఒక్క పోటీ. బరగాన్ ఒక్కడు. అది అయ్యాక ఆపరేషన్, విశ్రాంతి, అన్నీ. దాదో కూడా ఒప్పుకున్నాడు. మన జాతి గౌరవం జెమ్మా. చేపలు మోసేవాడి కొడుకు ఎక్కడికెళ్ళాడో చూడు.

ఆ మైకు దగ్గరికి మాత్రం వెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. అమ్మకి అసలు చెప్పకు, ఆవిడ తట్టుకోలేదు.

నీ మేలు కోరే
మామయ్య


జనరల్ సాంతోస్
17 జూలై 1995

నేను నీకు చేయి గురించి రాశాను. నువ్వు కన్ను గురించి జవాబిచ్చావు.

నాకేమీ తెలియదు క్రిస్పిన్. వాడికి పొగరెక్కిందని, ఎక్కించింది నువ్వేనని మైకులో చెబుదామనుకున్నాను, అంతే. నిన్ను ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ అడక్కుండానే పరిగెత్తుకొచ్చి దోసిట్లో పెట్టి చూపించావు, నువ్వేం చేశావో.

కాల్చమన్నావు. కాల్చలేదు. అమ్మమ్మకి చెప్పొద్దన్నావు. చదివి వినిపించాను. దాచాలనే చూశాను, నా మొహం చూసి "చదువు" అంది. ఒక్క ముక్క వదలకుండా చదివాను.

విని, "ఆ రోజు నేను ఏ పక్కన నిలబడ్డానే?" అని అడిగింది.

"ఎడమ పక్కన."

ఆవిడ మొదట నవ్వింది. ఎంత సంతోషంగా నవ్విందో నీకు చెప్పలేను. "అయితే వాడు నన్ను కాదనుకోలేదు! చూడలేదంతే!" అని నా భుజం పట్టుకుని ఊపింది, రెండు నెలల తర్వాత అన్నం రెండోసారి పెట్టించుకుంది. సగం తిన్నాక చేయి ఆగిపోయింది. ఏం విన్నదో అప్పటికి లోపలికి దిగింది.

"తెర దిగుతోంది అన్నాడా?"

"అన్నాడు."

"అప్పుడు క్రిస్పిన్ ఎక్కడున్నాడు?"

"వాడి పక్కనే. నీళ్ళ సీసా పట్టుకుని."

అమ్మమ్మ గిన్నె పక్కకి తోసేసింది. నువ్వు ఆవిడ కడుపున పుట్టినవాడివి, ఆ తోయడం ఎలా ఉందో నువ్వే ఊహించుకో.

ఎవరిది తప్పో నన్నే చెప్పమన్నావు. నీది. నీ ఇరవై రెండేళ్ళ మేనల్లుడు కన్ను పోతోందని చెబితే చెమట అన్నావు. డాక్టరు చెబితే గొంతునొప్పి అన్నావు. వాడు గుడ్డివాడైపోతుంటే దానికి ఎత్తుగడ అని పేరుపెట్టి, రేడియోలో నీ బుర్రని నువ్వే మెచ్చుకున్నావు. బాగున్న కన్ను ముందుకొస్తుందట! బరగాన్ చేతులు ఏ కన్ను మీదికొస్తాయనుకున్నావు? ముందున్న దాని మీదికి కాదూ? అది కూడా పోతే వాడిని ఏ భుజం ముందు పెట్టి నిలబెడతావు?

దాదో ఒప్పుకున్నాడని రాశావు. నువ్వు చెప్పినదానికి వాడు ఎప్పుడు కాదన్నాడు? నాన్న పోయిన దగ్గర్నుంచీ నువ్వు లేవమంటే లేచాడు, తినొద్దంటే మానాడు. అన్నం పెట్టినవాడి మాటకి తల ఊపడం ఒప్పుకోవడం కాదు. మమ్మల్ని భుజాల మీద మోశానన్నావు. మోశావు, కాదనను. ఇప్పుడు వాడి భుజాల మీదెక్కి ఊరేగుతున్నావు, అదీ చూస్తున్నాను.

జాతి గౌరవం గురించి కూడా రాశావు. నీ జాతి ఏమనుకుంటుందో కనుక్కున్నాను. నిన్న పూజ అయ్యాక మంగలి పీలో దగ్గరికెళ్ళి, పేరు చెప్పకుండా, ఊరికే అడిగినట్టు అడిగాను. "పీలో అన్నా, ఒక బాక్సర్‌కి ఒక కన్ను కనబడదనుకో, అయినా బరిలోకి దిగాడనుకో, నువ్వేమంటావు?"

క్షణం కూడా ఆలోచించలేదు. "ఒంటి కన్నుతో గెలిస్తే రేవు దగ్గర విగ్రహం పెడతాం!" అన్నాడు. ఎస్తోంగ్ అక్కడే ఉన్నాడు. "ఓడిపోతే?" అన్నాను. "ఓడితే ఏముంది, రెండు కళ్ళున్నవాడు ఇంకొకడు దొరుకుతాడు. ఆ పక్క వీధిలో ఒక కుర్రాడున్నాడు, ఎడమచేతి దెబ్బ చూశావా?" అని వాడు మొదలుపెట్టాడు. ఆ పక్కవీధి కుర్రాడు ఎవరితో తలపడాలో అప్పుడే ఇద్దరూ వాదనకి దిగిపోయారు. నేను వెళ్ళిపోయినట్టు కూడా చూసుకోలేదు. చెడ్డవాళ్ళేం కాదు వాళ్ళు. నాన్న శవం దొరకనప్పుడు మూడు రోజులు పడవల్లో వెతికింది ఈ ఇద్దరే. కానీ గెలుపు తలకెక్కితే వీళ్ళకి మనిషి మనిషిలా కనబడడు, పిడికిలిలా కనబడతాడు. వీళ్ళకోసమా నువ్వు వాడి కళ్ళు ఇచ్చేస్తున్నావు?

అందుకే భయపడకు, మైకు దగ్గరికి వెళ్ళను. నేను నిజం చెబితే వీళ్ళు చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లు మీ ఇద్దరికీ ఇంకా మత్తెక్కిస్తాయి.

బదులుగా ఒక పని చేశాను. మనీలాలో బాక్సింగ్ లైసెన్సులు ఇచ్చే కమిషన్‌కి ఉత్తరం రాశాను. నా చదువు ఆరో తరగతితో ఆగింది, తప్పులుంటాయి, కానీ విషయం అర్థమవుతుంది. అది బయటికెళ్తే నీ పేరు జిమ్ గోడల మీద కూడా మిగలదు. దాదో పట్టం కూడా తీసేసుకుంటారు, అదీ తెలుసు. వాడు జీవితాంతం నాతో మాట్లాడకపోవచ్చు. ఫ్యాక్టరీలో డబ్బాల మీద వాడి మొహం అతికించే బల్ల దగ్గరికే నన్ను మార్చారు, ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నా మీద ఉమ్ముతారు. ఉమ్మనీ. నన్ను చూసి మొహం తిప్పుకోవడానికైనా వాడికి నేను కనబడాలి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. బేరాలు లేవు.

ఈ ఉత్తరం మొత్తం, నిన్ను తిట్టిన తిట్లతో సహా, దాదోకి గట్టిగా చదివి వినిపించు. వాడిని అదే రోజు ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఇన్ని వారాలు పోయాయి, ఇంకెంత మిగిలిందో ఆయనే చెప్పాలి. బరగాన్‌తో పోటీ లేదని ప్రమోటర్‌కి నువ్వే నీ నోటితో చెప్పు. కారణం కూడా చెప్పు. చెమట అనకు.

జూలై 29 శనివారం, పోస్టాఫీసు మూసేలోపు, ఆపరేషన్‌కి చేర్చుకున్నారని ఆ డాక్టరు సంతకంతో నాకు జవాబు అందాలి. అందకపోతే సోమవారం పొద్దున్న కమిషన్‌కి రాసిన ఉత్తరం, దాని వెనక నువ్వు కాల్చమన్న నీ ఉత్తరం, ఒకే కవరులో మనీలా వెళ్తాయి.

జెమ్మా కబాహుగ్